నూట పద్దెనిమిది దగ్గర

పప్పు అడుగంటుతోందని
నాకు తెలియలేదనే చెప్పాను అందరికీ.
గోడవతల సువార్తమ్మకి,
బడి నుంచి వచ్చిన పిల్లకి,
చివరికి ఆ గిన్నెకి కూడా.

ముందు కిటికీలు తీశాను.
రుస్తుంబాదలో కిటికీ తీస్తే
గాలి ఒక్కటే రాదు.
రొయ్యల చెరువు నీచు,
ఎవరో కాల్చిన కొబ్బరిడొక్కల పొగ,
వశిష్ఠ మీంచి ఉప్పుతేమ
చెప్పులు విప్పకుండా లోపలికొస్తాయి.
వచ్చినవి కూర్చున్నాయి గానీ
ఉన్నది మాత్రం కదల్లేదు.

తడి తువ్వాలు గిరగిరా తిప్పాను.
మాడు వాసన ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్లి
మళ్లీ వంటింట్లోకే వచ్చింది,
రేషను కార్డులో పేరున్నట్టు.

సువార్తమ్మ గోడ మీంచి దబ్బకాయ అందించింది.
"తొక్కలు నీళ్లలో మరిగించు,
రెండు లవంగాలు పడెయ్."
మరుగుతున్నంత సేపూ చేతులు ఊరుకోక
కొత్త చిలప విప్పి ఉండ చుట్టాను.
కాసేపు ఇల్లంతా
పచ్చడి పట్టే రోజులా ఉంది.
ఆ తర్వాత
మాడిన దబ్బకాయ వాసన.

సాసర్లో కాఫీపొడి పోసి గూట్లో పెట్టాను.
మాడినదానికి మాడినదే మందని
పిల్ల బొగ్గు తెచ్చి మూల మూలా పెట్టింది.
గిన్నె సంగతి వేరే.
చింతపండు, రాళ్లుప్పు, కొబ్బరిపీచు,
ఆఖరికి నా గోళ్లు.
అడుగున లంకలా ఒక నల్లమచ్చ,
ఎంత రుద్దినా కోసుకుపోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది లేసు.

మంచం మీద, పాత చీర కింద,
నలభై రోజుల తెలుపు.
బల్ల మీద పరిచే గుడ్డట.
ఏ దేశంలో ఏ బల్లో,
ఎవరి పళ్లెం కింద పడుకుంటుందో.
రేపు ఏసుపాదం గారొస్తారు.
ఆయన ముందు కంటితో చూడరు, ముక్కుతో చూస్తారు.
కమలకుమారి గుడ్డలో చేపలపులుసు పట్టుకుని
డబ్బులు కోసేసింది ఆయనే.

తీసి మొహానికి ఆనించుకున్నాను.
పప్పు.
మల్లెపువ్వులా ఉండి
పప్పు.

పంటు దిగి వచ్చాడు మా ఆయన.
ఒళ్లంతా డీజిలు, ఆ ముక్కుకి ఏమందుతుంది?
పైపైన తేర్చిన పప్పు ఆవకాయతో కలుపుకుని
"ఇవాళ కొంచెం ఘాటుగా ఉంది" అని
చెయ్యి కడుక్కున్నాడు.

రాత్రి దండెం మీద లేసు ఆరేసి
పిల్లులు రాకుండా మెట్టు మీద కూర్చున్నాను.
మంచు పడుతోంది.
ఇక్కడ ఎవరూ లేరు కాబట్టి చెబుతున్నాను,
నేను విన్నాను.
నీళ్లు ఇగిరిపోయిన చప్పుడు విన్నాను.
మొదటి కమురు ముక్కుకి తగిలింది కూడా.

నూట పద్దెనిమిది దగ్గర ఉన్నాను.
ఇంకా ఇరవై రెండు ముడులు.
లేస్తే లెక్క పోతుంది,
లెక్క పోతే వరసంతా విప్పాలి.
పప్పు చవకని కాదు,
కిలో ఎంతో నాకంటే ఎవరికి తెలుసు?
పన్నెండేళ్లుగా
పిలిస్తే, ఏడిస్తే, పొంగితే, కూత వేస్తే
చేతిలోది వదిలేసి లేచినదాన్ని.
ఆ ఒక్కసారి లేవలేదు.
నూట నలభై.
ముడి బిగించి, దారం తెంపి,
అప్పుడు వెళ్లాను.

పొద్దున్న ఏసుపాదం గారు
గుడ్డని ముక్కు దాకా తెచ్చారు.
తెచ్చి, తుమ్మారు.
నాలుగు రోజులుగా పడిశమట.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లిపోయారు.

ఇల్లు మూడో రోజుకి మామూలైంది.
దబ్బకాయ వల్లేనంటుంది సువార్తమ్మ,
కాదు, బొగ్గు అంటుంది పిల్ల.
నేను ఎవరినీ కాదనలేదు.

నిన్న కొత్త గుడ్డ అల్లుతుంటే
ఉండ తరిగి తరిగి
నిమ్మకాయంత అయింది.
అప్పుడు, సన్నగా, దారం వెంబడే
వేళ్ల మీదికి పాకింది.

"అమ్మా, ఏదో మాడుతోంది" అంది పిల్ల.
పొయ్యి కట్టేసే ఉంది.
"చూసి రా" అన్నాను.
అరవై మూడు.
అరవై నాలుగు.